సంఘంలో ఎవరు ఎవరిని అడగాలి?

విశాఖపట్నంలో గాజువాకలోనో కంచరపాలెంలోనో ఏదైనా క్రైస్తవ సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లి ప్రార్థన అంశాలు వినండి. అబ్బాయి ఉద్యోగం, అమ్మాయి సంబంధం, అత్తగారి మోకాళ్ల నొప్పులు, ట్రాన్స్‌ఫర్, వీసా, ఇంటి లోను. అన్నీ నిజమైన అవసరాలే. "జీతమంతా ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టుకుంటున్నాను, మానలేకపోతున్నాను, నా కోసం ప్రార్థన చేయండి" అని లేచి చెప్పేవాళ్లు మాత్రం కనబడరు. ఆ ఆటను ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు. నిషేధం తర్వాత దొంగదారుల్లో ఆడినవాళ్లలో విశ్వాసులు ఒక్కరూ లేరనుకుంటే అది మన అమాయకత్వం. అలాంటి మనిషి ఒక ఆదివారం నుంచి రావడం మానేస్తాడు. కొన్నాళ్లకు అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చారని తెలుస్తుంది. అప్పుడు సంఘంలో నలుగురూ అనే మాట ఒకటే: "మాకు ముందే అనుమానం." అనుమానం అందరికీ ఉంది, అడిగినవాళ్లే లేరు.

అడగడం ఎక్కువైపోయిన సంఘాలూ ఇదే ఊళ్లో ఉన్నాయి. ఏ సినిమా చూశావు, ఎవరి పెళ్లికి వెళ్లి ప్రసాదం తిన్నావు, ఈ నెల దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) ఎందుకు తగ్గింది, బీచ్ రోడ్డులో నీతో ఉన్న అబ్బాయి ఎవరు. అక్కడ విశ్వాసి ప్రతిదానికీ సంజాయిషీ ఇచ్చుకుంటాడు. మరి పాస్టర్ గారు ఎవరికి ఇచ్చుకుంటారని అడిగితే, "ఆయన దేవునికే జవాబు చెప్పుకుంటారు" అనే సమాధానం వస్తుంది.

చూడ్డానికి ఈ రెండు రకాల సంఘాలూ ఎదురెదురుగా ఉన్నా, రెండింట్లోనూ లేనిది ఒకటే: అడిగే మనిషిని తిరిగి అడిగే వీలు. అది లేనిచోట మంచివాళ్లు నోరు మూసుకుంటారు, పెత్తనం కావలసినవాళ్లు నోరు తెరుస్తారు. ఎవరు అడగాలి, ఏం అడగాలి, ఎంతవరకు అడగాలి అనే మూడు ముళ్లు విప్పుకుంటే తప్ప జవాబుదారీతనం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా ప్రయోజనం ఉండదు.

వాక్యంలో ఉన్న క్రమం, మనం తిరగేసిన క్రమం

బైబిలు కొత్త నిబంధనలోని పత్రికల (ఉత్తరాల) నిండా "ఒకరినొకరు" అనే ఆజ్ఞలే. ఒకరినొకరు ప్రేమించండి, క్షమించండి, చేర్చుకోండి, బుద్ధి చెప్పుకోండి, ఒకరి భారాలు ఒకరు మోయండి, పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి. ప్రేమ గురించి, క్షమాపణ గురించి ప్రసంగాలు కావలసినన్ని ఉన్నాయి. బుద్ధి చెప్పుకోవడం, ఒప్పుకోవడం దగ్గరికి వచ్చేసరికి వచనం గబగబా చదివేసి ముందుకు వెళ్లిపోతాం.

మత్తయి 18వ అధ్యాయంలో యేసు ఒక క్రమం చెప్పారు. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వొక్కడివే వెళ్లి మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. విషయం తెలిసినవాళ్ల సంఖ్య పెరిగేది అవతలి మనిషి వినకపోతేనే. అతని పరువు కాపాడుతూ అతన్ని దక్కించుకోవడమే ఆ క్రమంలోని ఉద్దేశం. మన దగ్గర జరిగేది దాదాపు తలకిందులు. మొదట పాస్టరమ్మ గారికి తెలుస్తుంది. తర్వాత స్త్రీల కూడికలో "ఫలానా కుటుంబం కోసం భారంగా ప్రార్థన చేయాలి" అని వస్తుంది. ఆ పైన ఆదివారం ప్రసంగంలో "పేరు చెప్పను గానీ, ఇక్కడ కూర్చున్నవాళ్లలోనే ఒకరు" అని వస్తుంది. అసలు మనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడడం అన్నిటికన్నా చివర, అదీ గుర్తుంటే.

ఇక్కడ అందరికీ వచ్చే అడ్డు ప్రశ్న ఒకటుంది. తీర్పు తీర్చవద్దని యేసే అన్నారు కదా, మరి ఇంకొకరి తప్పు గురించి మాట్లాడడమేమిటి? ఆ మాట ఉన్న మత్తయి 7వ అధ్యాయాన్ని ఇంకో నాలుగు వచనాలు చదివితే చాలు. నీ కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు గురించి మాట్లాడకు, ముందు నీది తీసేసుకో, అప్పుడు అతని నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అంటారు. నలుసు తీయడం మానమని అక్కడ లేదు. ఎవరు ముందు తమ కన్ను కడుక్కోవాలో మాత్రం ఉంది.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం ఇంకో చిక్కు పెడుతుంది. రెండో వచనం ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటుంది. పై రమ్మీ మనిషినే తీసుకోండి. అతని పక్కన కూర్చుని ఎవరికెంత ఇవ్వాలో పట్టీ రాయించడం, భార్యకు నిజం చెప్పే రోజు తోడుగా ఉండడం, లోన్ యాప్ వాళ్లు ఫోన్ చేసి బూతులు తిడితే సైబర్ క్రైమ్‌కు ఫిర్యాదు చేయడానికి వెంట వెళ్లడం, ఇవన్నీ సంఘం మోయగలిగిన భారాలు. మానడం మాత్రం అతనే చేయాలి. సంఘం చందాలేసుకుని అప్పంతా కట్టేస్తే ఐదో వచనం పోయింది. "నీ పాపం, నువ్వే అనుభవించు" అంటే రెండోది పోయింది. ఇదే అధ్యాయం మొదటి వచనం తప్పిపోయినవాణ్ని సాత్వికంగా సరిదిద్దమంటూ, నువ్వూ శోధనలో పడకుండా చూసుకో అని సరిదిద్దేవాణ్నే హెచ్చరిస్తుంది.

పెన్నీతో మొదలైన పద్ధతి

దీన్ని ఒక పద్ధతిలో పెట్టినవాళ్లలో బాగా పేరున్నవాడు ఇంగ్లండుకు చెందిన బోధకుడు జాన్ వెస్లీ. 1738 డిసెంబరులో ఆయన "బ్యాండ్లు" అనే చిన్న గుంపులకు నియమాలు రాశారు. మగవాళ్లు విడిగా, ఆడవాళ్లు విడిగా, పెళ్లయినవాళ్లు విడిగా, కానివాళ్లు విడిగా వారానికోసారి కూడేవాళ్లు. చేరబోయే మనిషిని ముందే కొన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు. నీ తప్పులు నీకు చెప్పాలని నువ్వు కోరుకుంటున్నావా అనేది వాటిలో ఒకటి. కూడినప్పుడు ఒకరు ముందు తన స్థితి తాను చెప్పుకుని, ఆ తర్వాతే మిగిలినవాళ్లను అడగాలి. పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏమిటి, ఏ శోధన ఎదురైంది, దాని నుంచి ఎలా తప్పించుకున్నావు, పాపమో కాదో తేల్చుకోలేని పని ఏమైనా చేశావా, ఇవీ ప్రశ్నలు.

ఈ నియమాల్లో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి రెండు. ఒకటి, చేరేవాడు కోరుకుంటేనే చేరాలి. రెండు, అడిగేవాడు ముందు చెప్పుకోవాలి. మన దగ్గర "సెల్ గ్రూపు", "కేర్ గ్రూపు" అని పేర్లు పెట్టుకున్న చోట్ల ఈ రెండూ చాలాసార్లు ఉండవు. లీడర్ గారు తన గురించి చెప్పేది విజయాల సాక్ష్యమే.

వెస్లీ పెట్టిన "క్లాసులు" అనే గుంపులు వేరు, అవి పుట్టింది అప్పు తీర్చడానికి. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం తాలూకు అప్పు ఎలా తీర్చాలా అని మాట్లాడుకుంటుండగా, ఫోయ్ అనే కెప్టెన్ ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి సభ్యుడూ వారానికో పెన్నీ ఇవ్వాలి, సుమారు డజను మందికి ఒకరు చొప్పున వసూలు చేయాలి. బీదవాళ్లను నా గుంపులో వేయండి, వాళ్లు ఇవ్వలేకపోతే వాళ్ల వంతు నేనే వేసుకుంటాను అన్నాడు. వసూలుకు ఇంటింటికీ తిరిగినవాళ్లకు పెన్నీలతో పాటు ఎవరి నడత ఎలా ఉందో కూడా తెలియడం మొదలైంది. మన డ్వాక్రా సంఘాల్లో పొదుపు కోసం కూర్చున్న ఆడవాళ్లకు ఎవరింట్లో కొట్లాట జరుగుతోందో, ఎవరి పిల్ల బడి మానేసిందో తెలిసినట్టే. ఇళ్లు తిరగడం కుదరక అందరూ ఒకచోట కూడడం అలవాటైంది, డబ్బు కూడిక ఆత్మీయ కూడిక అయింది. మూడు నెలలకోసారి సభ్యులకు టికెట్లు కొత్తగా ఇచ్చేవాళ్లు. సరిగ్గా నడవనివాళ్లకు ఆ టికెట్టు అందేది కాదు.

చెడిపోయే లక్షణం కూడా ఇక్కడే కనబడుతుంది. టికెట్టు చేతికొచ్చాక అది పరువు గుర్తవుతుంది, పరువు పోకుండా నిజం దాచడం మొదలవుతుంది. పద్ధతి ఏదైనా ఈ ప్రమాదం తప్పదు. అందుకే ఏ సంఘమైనా విదేశీ పుస్తకం చూసి ప్రశ్నల పట్టీ అచ్చు వేయించి పంచితే నాకు కొంచెం భయం వేస్తుంది.

విశాఖలో ఎవరిపైన ఎవరు

మన ఊళ్లో సంఘం అంటే ఒకే రకం కాదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. ఆనందరాయర్ సాయంతో డెస్ గ్రాంజెస్ తెలుగులోకి తెచ్చిన సువార్తలు, ఆయన చనిపోయాక 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాతి కాలంలో ఆ మిషన్ పని కెనడియన్ బాప్టిస్టుల చేతికి వచ్చింది. కతోలికుల వైపు 1840లలో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చారు. రాస్‌హిల్ మీది మేరీమాత గుడికి డిసెంబరులో జరిగే పండక్కి హిందువులూ వెళ్తారు. ఆ తర్వాత బక్త్ సింగ్ గారి పరిచర్య వల్ల ఏర్పడిన హెబ్రోను సంఘాలు, పెంతెకోస్తు సంఘాలు, ఇటీవలి దశాబ్దాల్లో మల్కాపురం నుంచి మధురవాడ దాకా వీధివీధినా వెలసిన స్వతంత్ర సంఘాలు.

వీటిలో ఎవరు ఎవరికి జవాబు చెప్పాలనేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బాప్టిస్టు పద్ధతిలో చివరి మాట సభ్యుల సమావేశానిది. పాస్టర్ని పిలిచేదీ, పంపేదీ వాళ్లే. హెబ్రోను తరహా సంఘాల్లో ఒక్క మనిషి కాకుండా పెద్దల గుంపు నడిపిస్తుంది. కతోలికుల్లో గురువు పైన బిషప్, ఆయన పైన రోము. బిషప్పుల మీదే ఫిర్యాదు వస్తే ఏం చేయాలో చెప్పే నియమాలను పోప్ ఫ్రాన్సిస్ 2019లో తెచ్చారు. స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి స్థాపించిన పాస్టర్ గారే మొదలూ చివరా. ట్రస్టు కాగితాల్లో పాస్టర్ గారు, అమ్మగారు, పెద్దబ్బాయి పేర్లుంటాయి. అన్నీ అలాగే ఉంటాయని కాదు. ఆదాయం లేని బస్తీల్లో ప్రతి ఇంటి తలుపూ తట్టి, ఆసుపత్రిలో రాత్రంతా కూర్చునేది ఆ పాస్టర్లే. కానీ వాళ్ల పైన అడిగేవాళ్లు లేకపోవడం వాళ్లకే ప్రమాదం. ఇక పాత మిషన్ సంఘాల్లో అడిగే కమిటీలు ఉన్నాయి గానీ, వాటి కాలం కాస్తా ఎన్నికల గొడవలకూ ఆస్తి కేసులకూ పోతోంది. వాటి గురించి ఇక్కడ అంతకన్నా చెప్పేదేమీ లేదు.

కతోలికుల పద్ధతిలో ఒక విషయం మాత్రం ప్రొటెస్టెంట్లు సరిగ్గా గమనించలేదనిపిస్తుంది. ఏడాదికోసారైనా పాపసంకీర్తన, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయాలని 1215లో కతోలిక బిషప్పుల లాటరన్ సభ నియమం పెట్టింది. విన్నదాన్ని బయటపెట్టకూడదనే నియమం దాన్ని అంటుకునే ఉంది, దాన్ని నేరుగా మీరిన గురువుకు వెంటనే సంఘ బహిష్కారం. గురువు దగ్గర ఒప్పుకోవడం అక్కర్లేదు, యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెప్పినట్టు ఒకరితో ఒకరు ఒప్పుకుంటే చాలని ప్రొటెస్టెంట్లు అన్నారు. బాగానే ఉంది. ఆ రహస్య నియమానికి బదులు ఏం పెట్టుకున్నారు? మన సంఘాల్లో చాలాచోట్ల ఏమీ పెట్టుకోలేదు. అందుకే "బ్రదర్, మీతో ఒక విషయం చెప్పాలి" అని మొదలుపెట్టిన మనిషి మధ్యలోనే మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడతాడు.

"అభిషిక్తుణ్ని ముట్టవద్దు"

పాస్టర్ని ప్రశ్నించినప్పుడల్లా బయటికి వచ్చే వచనం 105వ కీర్తనలోది: నేను అభిషేకించినవారిని ముట్టవద్దు. ఆ కీర్తన మొదటి నుంచి చదవండి. అక్కడ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. ఊళ్లు పట్టుకు తిరుగుతున్న ఆ చిన్న కుటుంబానికి హాని చేయవద్దని దేవుడు రాజుల్ని గద్దించిన సందర్భం. బలవంతుల నుంచి బలహీనుల్ని కాపాడిన మాట అది. దాన్ని బలమున్నవాడికి కవచంగా వాడుకోవడం ఆ వచనాన్నే అవమానించడం.

రెండో ఆధారం దావీదు. తనను తరుముతున్న రాజు సౌలు తన చేతికే చిక్కినా, అభిషిక్తుడని దావీదు చంపలేదు కదా అంటారు. నిజమే, చంపలేదు. కానీ అదే 1 సమూయేలు 24వ అధ్యాయంలో దావీదు గుహలోంచి బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చేతిలో పట్టుకుని, సౌలును పిలిచి అడిగాడు: ఎవరిని తరుముతున్నావు, నేను నీ పట్ల ఏ తప్పూ చేయలేదు, నీకూ నాకూ మధ్య యెహోవా తీర్పు తీర్చునుగాక. చేయి ఎత్తలేదు గానీ నోరు ఎత్తాడు. తర్వాత తానే రాజయ్యాక, వేరొకరి భార్య బత్షెబ విషయంలో నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనిషివి నువ్వే" అంటే, నన్నంటావా అనలేదు. పాపం చేశానన్నాడు.

కొత్త నిబంధనలో ఇంకా తేటగా ఉంది. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి భోంచేసి, యెరూషలేము నుంచి కొందరు రాగానే పక్కకు తప్పుకుంటే, పౌలు అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. పెద్దల మీద నిందను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప తీసుకోవద్దని 1 తిమోతి 5వ అధ్యాయం చెబుతుంది. ఆ మాటను పాస్టర్లు బాగానే గుర్తుపెట్టుకుంటారు. దాని తర్వాతి వచనం, పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమని, మిగిలినవాళ్లకు భయం కలగాలని అంటుంది. సాక్ష్యం లేని అపనింద నుంచి కాపు, సాక్ష్యం ఉన్నప్పుడు బహిరంగ గద్దింపు. రెండూ జంటగా ఉన్నాయి.

డబ్బు విషయంలో అయితే పౌలు తనను తానే కట్టేసుకున్నాడు. యెరూషలేము బీదల కోసం పోగుచేసిన కానుకను ఒక్కడే మోసుకెళ్లలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. ఎవరూ తప్పు పట్టకుండా ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా సరిగ్గా ఉండాలన్నది 2 కొరింథీయులు 8వ అధ్యాయంలో ఆయన చెప్పిన కారణం. "నేను దేవునికే జవాబు చెప్పుకుంటాను" అనే మాటకు అపొస్తలుడి జవాబు ఇదే. అమలులో ఇది చాలా చిన్న పని. కానుకల సంచి బంధువులు కాని ఇద్దరు ఆరాధన అవగానే లెక్కపెట్టి సంతకాలు పెట్టడం, నెలకోసారి జమాఖర్చు నోటీసు బోర్డు మీద అతికించడం. సొసైటీగా రిజిస్టర్ అయిన సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కిందికి వస్తుంది, అక్కడ సర్వసభ్య సమావేశం, లెక్కలు తప్పవు. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు 2020 సవరణ తర్వాత కట్టుబాట్లు మరింత బిగిశాయి. ప్రభుత్వం అడిగితే చూపించే లెక్కల్ని కానుక వేసిన ముసలమ్మకు చూపించడానికి మొహమాటం దేనికో అర్థం కాదు.

సంఘం చేతిలో పెట్టకూడనివి

ఎంతవరకు అనే ప్రశ్నకు కొన్ని చోట్ల గట్టి గీత ఉంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. పాస్టర్‌కీ, సండే స్కూల్ టీచర్‌కీ మినహాయింపు లేదు. "ముందు పెద్దలం కూర్చుని మాట్లాడతాం, మత్తయి 18 ప్రకారం వెళ్దాం" అనడం అక్కడ చెల్లదు. మత్తయి 18 సహోదరుల మధ్య తప్పిదాలకు చెప్పిన దారి. నేరగాణ్నీ, అతని చేతిలో నలిగిన పిల్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టమని దాని అర్థం కానేకాదు.

ఇంట్లో దెబ్బలు తినే భార్య విషయం కూడా అంతే. ఆమె కూడికలో ఏడిస్తే "లోబడి ఉండమ్మా, ప్రార్థన చెయ్యి, ఆయన మారతాడు" అని పంపించేస్తారు. లోబడమన్న ఎఫెసీయుల పత్రికలోనే భర్తలకు చెప్పిన మాటలు అంతకన్నా పొడవుగా ఉన్నాయి. గృహహింస చట్టం 2005లో వచ్చింది, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది. ఆమెకు కావలసింది ముందు భద్రత. భర్తకు కావలసింది అతన్ని గట్టిగా అడిగే మగవాళ్లు, అదీ ఆమెను అడ్డం పెట్టుకోకుండా.

ఇంకొకటి మన రాష్ట్రంలో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తారు. దానివల్ల కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అది అబద్ధమా, అన్యాయమైన చట్టం ముందు బతుకుదెరువా అనే దాని మీద విశ్వాసుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఆ వాదన ఎలా తేలినా, సంఘంలో గొడవ వచ్చినప్పుడు "నీ సర్టిఫికెట్ సంగతి నాకు తెలుసు" అని బెదిరించడానికి దాన్ని వాడితే అది బ్లాక్‌మెయిల్. సభ్యత్వ రిజిస్టరు ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు చూడవచ్చు అనేది కూడా సంఘం ముందే తేల్చుకోవాలి.

షిఫ్టులున్న ఊళ్లో

ఇవన్నీ తీసేస్తే మిగిలేది రోజువారీ బతుకు: కోపం, తాగుడు, ఫోన్‌లో చూడకూడనివి, అబద్ధపు మెడికల్ బిల్లు, తోడికోడలితో మాటలు లేకపోవడం, ప్రార్థన ఎండిపోవడం. ఒకరినొకరు అడగాల్సింది వీటి గురించే. దీనికి రెండు వందల మంది అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు చాలు. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో ఉండడమే మేలు. వెస్లీ నియమం ఈ విషయంలో మన ఊరికి బాగానే సరిపోతుంది. పై అధికారి, కింది ఉద్యోగి ఒకే గుంపులో ఉండకపోవడం మంచిది. స్టీల్ ప్లాంటులో మేనేజర్‌కు అతని కింద పనిచేసే టెక్నీషియన్ ఆదివారం బ్రదర్ అయినా, సోమవారం ఎవరి రిపోర్టు ఎవరు రాస్తారో ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ఆరాధన చుట్టూనే అన్నీ తిరిగితే ఈ ఊళ్లో సగం మందికి కుదరదు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు తిరిగే కార్మికుడికి ఆదివారం ఏ వారం ఎక్కడ పడుతుందో చెప్పలేం. నేవీలో ఉన్నవాడు ఓడెక్కితే వారాల తరబడి కనబడడు. వేటకెళ్లే జాలరికి వాతావరణమే క్యాలెండరు. వీళ్లను సంఘాలు "వెనకబడిపోయినవాళ్లు" అని రాసేసుకోవడం అన్యాయం. కలుసుకోవడం విడిచిపెట్టవద్దని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం అన్నప్పుడు, ప్రేమకూ మంచి పనులకూ ఒకరినొకరు పురికొల్పుకోవడం కోసం అని కారణం కూడా చెప్పింది. కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గర షిఫ్టు దిగాక ఇద్దరు కలిసినా ఆ పని జరుగుతుంది.

"అన్నా, ఈ వారం ఫోన్‌లో డబ్బులు పెట్టావా?"

"రెండు రోజులు ఆగాను. బుధవారం ఐదొందలు పెట్టాను. పోయాయి."

"వదినకు చెప్పావా?"

"లేదు. ఇవాళ చెప్తాను. నువ్వు పాపను కొట్టడం మానావా తమ్ముడూ?"

"ఈ వారం కొట్టలేదు. అరిచాను."

ఇంతే. ఇందులో ప్రసంగం లేదు, ఇద్దరూ చెప్పుకున్నారు. వచ్చే వారం ఇదే ప్రశ్న మళ్లీ వస్తుందని ఇద్దరికీ తెలుసు. అందులో ఎవరైనా "నన్ను ఇక అడగకు" అంటే ఆగిపోవాలి, అలా అనే స్వేచ్ఛ లేకపోతే అది నిఘా అవుతుంది. చూసినవాటి రిపోర్టు స్నేహితుడికి పంపే ఫోన్ యాప్‌లు కూడా వచ్చాయి. కొందరికి ఉపయోగపడుతున్నాయి. కానీ టీ కొట్టు దగ్గర ఎవరూ లేని మనిషికి యాప్ ఒక్కటీ పెద్దగా చేసేదేమీ ఉండదు. ఇక వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇలాంటివి రాయకండి. అక్కడ పెట్టిన ప్రార్థన అంశం సాయంత్రానికి శ్రీకాకుళంలో ఉన్న మేనత్తకు చేరుతుంది.

బల్ల ఆపేశాక

చివరిగా, సంఘాలు దాదాపు మాట్లాడనిది. ఎవరైనా బహిరంగంగా పడిపోతే కొంతకాలం ప్రభువు బల్ల నుంచి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం నుంచి, దూరంగా ఉంచుతారు. కొరింథులో ఒకణ్ని వెలి వేయమని పౌలే 1 కొరింథీయులు 5వ అధ్యాయంలో రాశాడు. రెండో పత్రిక 2వ అధ్యాయంలో ఒక మనిషి గురించి ఇలా రాశాడు: ఎక్కువమంది వల్ల అతనికి కలిగిన శిక్ష చాలు, ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు, మీ ప్రేమను అతనికి స్థిరపరచండి. ఇద్దరూ ఒకరేనా అనే దానిపై పండితుల్లో వాదన ఉంది. ఎవరైనా సరే, శిక్ష ఎక్కడ ఆగాలో అక్కడ రాసి ఉంది.

మన సంఘాల మినిట్స్ పుస్తకాల్లో బల్ల ఆపేసిన తేదీ ఉంటుంది. తిరిగి చేర్చుకున్న తేదీ చాలాసార్లు ఉండదు, ఎందుకంటే ఆ మనిషి ఈలోగా ఇంకో వీధిలో ఇంకో సంఘానికి వెళ్లిపోయి ఉంటాడు, అక్కడ ఎవరూ ఏమీ అడగరు. కాబట్టి ఆపేసే రోజే మూడు విషయాలు అదే పేజీలో రాసుకోవాలి: ఎన్ని నెలలు, ఈ నెలల్లో వారానికోసారి అతని ఇంటికి వెళ్లే ఇద్దరు ఎవరు, తిరిగి పిలిచే తేదీ ఏది. ఆ ఇద్దరి పేర్లు రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే, అతనికి బల్ల ఆపే అర్హత ఆ సంఘానికి ఇంకా రాలేదు.